ఎనమ్‌లోంచి ఏదో ఒక విలువ కావాలంటే: ఇన్‌స్టాన్సియో లైబ్రరీ రివ్యూ

జావా టెస్టుల్లో ఎనమ్ (ముందే ఖాయం చేసిన కొన్ని విలువల జాబితా) ఫీల్డును యాదృచ్ఛికంగా నింపడానికి చాలామంది సొంతంగా ఒక చిన్న మెథడ్ రాసుకుంటారు. మూడు లైన్ల పనే, కానీ అందులోనే తప్పులు దూరతాయి. యాదృచ్ఛిక సంఖ్య తీసే నెక్స్ట్‌ఇంట్‌కి ఇచ్చే హద్దు ఫలితాల్లో ఎలాగూ రాదు. అది తెలియక ఎనమ్ విలువల అర్రే పొడవులోంచి ఒకటి తగ్గించి ఇస్తే చివరి విలువ ఎన్నటికీ రాదు. మైనస్ గుర్తు తీసేసే మ్యాథ్ యాబ్స్ వాడి శేషం తీసుకునే పద్ధతి ఇంకా ప్రమాదం: -2147483648 యాబ్స్ తర్వాత కూడా మైనస్‌లోనే ఉంటుంది. 5 విలువల ఎనమ్‌లో అప్పుడు ఇండెక్స్ -3 అవుతుంది, ప్రోగ్రామ్ ఎక్సెప్షన్‌తో ఆగిపోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే లోపం కాబట్టి దొరకడమూ కష్టమే.

టెస్టు డేటాను తనే నింపిపెట్టే ఇన్‌స్టాన్సియోతో ఈ బాధ లేదు. ఉచితం, అపాచీ 2.0 లైసెన్స్. జేయూనిట్ 5 (జావా టెస్టులు నడిపే సాధనం) వాడేవాళ్లు ఇన్‌స్టాన్సియో-జేయూనిట్ డిపెండెన్సీని టెస్ట్ స్కోప్‌లో పెట్టి, క్లాసు మీద ఇన్‌స్టాన్సియో ఎక్స్‌టెన్షన్ తగిలిస్తే చాలు. ఉదాహరణకు, దాని క్రియేట్ మెథడ్‌కి ఆర్డర్ క్లాసు ఇస్తే లోపలి స్టేటస్ ఎనమ్‌తో సహా అన్నీ నిండిపోతాయి. రద్దయిన ఆర్డర్లు వద్దనుకుంటే జనరేట్‌లో ఎనమ్‌ఆఫ్ రాసి, ఎక్స్‌క్లూడింగ్‌లో ఆ విలువ ఇవ్వాలి.

దీని అసలు బలం సీడ్, అంటే యాదృచ్ఛిక విలువలన్నీ ఏ అంకె నుంచి పుడతాయో అది. టెస్టు ఫెయిలైతే ఏ సీడ్‌తో ఫెయిలైందో రిపోర్టులో వస్తుంది. ఆ అంకెను సీడ్ అనోటేషన్‌లో పెట్టి మళ్లీ నడిపితే అదే డేటా తిరిగొస్తుంది. సొంత మెథడ్‌లో థ్రెడ్‌లోకల్‌రాండమ్ (జావాలోనే ఉండే యాదృచ్ఛిక సంఖ్యల క్లాసు) వాడినవాళ్లకి ఇది కుదరదు. దానికి సీడ్ పెట్టబోతే ఎక్సెప్షన్ వస్తుంది. ఒక్క జాగ్రత్త: ఆ తర్వాత ఎనమ్‌కి కొత్త విలువ చేరిస్తే పాత సీడ్ పాత విలువనే ఇస్తుందని నమ్మకూడదు.

అయితే పరీక్షిస్తున్నది ఆ ఎనమ్‌నే అయితే దీన్ని వాడొద్దు. 5 విలువల్లోంచి ఒక్కోసారి ఒకటి చొప్పున 10 సార్లు తీసినా, ఫలానా విలువ ఒక్కసారీ రాకపోయే అవకాశం దాదాపు 10.7 శాతం. అక్కడ జేయూనిట్‌లోని ఎనమ్‌సోర్స్ సరైనది, ప్రతి విలువనూ వరసగా నడుపుతుంది. టెస్టు ఫలితంతో సంబంధం లేని ఫీల్డులకే యాదృచ్ఛికం బాగుంటుంది.

ప్రొడక్షన్ కోడ్‌కి ఈ లైబ్రరీ అక్కర్లేదు. ఎనమ్ విలువలన్నీ ఇచ్చే వాల్యూస్ మెథడ్‌ను పిలిచిన ప్రతిసారీ కొత్త అర్రే తయారవుతుంది కాబట్టి, దాన్ని ఒక్కసారి స్టాటిక్ ఫైనల్‌లో దాచుకుని, థ్రెడ్‌లోకల్‌రాండమ్‌తో ఇండెక్స్ తీసుకోవాలి. థ్రెడ్‌లోకల్‌రాండమ్‌ను మాత్రం అలా దాచకూడదు, అవసరమైన చోటే కరెంట్ పిలవాలి. బహుమతి డ్రా లాంటి, ఎవరూ ముందే ఊహించకూడని పనులకైతే సెక్యూర్‌రాండమ్.