పొగ కొట్టని దోమల కంపెనీ: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తాను. ఐదుకి మూడున్నర. పొగడ్తతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు.

పోయిన వానాకాలం మా అపార్ట్‌మెంటులో ముగ్గురికి డెంగీ వచ్చింది. వాళ్లలో మా మనవడొకడు. రోజూ ప్లేట్‌లెట్ల లెక్క కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న ఆ వారం టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు. అందరం తలా కొంత వేసుకుని మొదట ఒక ఫాగింగ్ కంపెనీని పిలిచాం. చీకటి పడే వేళ మెషిన్ మోత, మెట్ల నిండా డీజిల్ వాసన, గంటసేపు దగ్గులు. రెండు రోజులు దోమలు తగ్గినట్టే ఉన్నాయి. మూడో రోజు మామూలే. ఆ పొగ అప్పుడు బయట ఎగురుతున్న దోమల్ని చంపుతుందే గానీ నీళ్లలో ఉన్న లార్వాల, అంటే దోమ పిల్లపురుగుల, జోలికి పోదని తర్వాత తెలిసింది. పైగా డెంగీ దోమ ఈడిస్ కుట్టేది పగలు. పని లేనప్పుడు మంచాల కిందా, కొక్కేనికి తగిలించిన బట్టల వెనకా నక్కి ఉంటుంది. పార్కింగులో కొట్టిన పొగ దాని దాకా వెళ్లేదెట్లా?

ఈ రివ్యూ రెండో కంపెనీ గురించి. వచ్చిన కుర్రాడి దగ్గర మెషిన్ లేదు. ఒక టార్చి, ఒక నోట్‌బుక్, పొడుగాటి పిడి ఉన్న తెల్ల గరిటె లాంటిది. దాన్ని డిప్పర్ అంటారట. రాగానే, "మేడమ్, వాన పడితే ఇక్కడ నీళ్లు ఎటు పోతాయండీ?" అన్నాడు.

నేను ముప్పై ఏళ్లు బడిలో భూగోళం చెప్పినదాన్ని. వాలు, పరీవాహక ప్రాంతం, డెల్టా అంటూ బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీశానో లెక్క లేదు. నేనుండే బిల్డింగులో నీళ్లు ఎటు పోతాయో మాత్రం చెప్పలేక నీళ్లు నమిలాను. అతను ఒక బకెట్ నీళ్లు తెచ్చి గేటు దగ్గర పోసి, వాటి వెనకే నడిచాడు. అవి డ్రెయిన్ వైపు వెళ్లలేదు. పార్కింగు అడ్డంగా దాటి మెల్లగా లిఫ్ట్ వైపు వెళ్లాయి. లిఫ్ట్ ఆపించి కింద గుంటలోకి టార్చి వేస్తే జానెడు లోతు నీళ్లు. డిప్పర్‌తో ముంచి తీశాడు. తెల్లటి అడుగు మీద నల్లగా లుకలుకలాడుతూ లార్వాలు. వానాకాలమంతా మేం ఎక్కి దిగింది వాటి నెత్తి మీదుగానే.

ఆ రోజు మూడు గంటలు తిరిగాడు. సన్‌షేడ్ల వాలు గోడ వైపుకి ఉండి నీళ్లు నిలిచిన చోట్లు, కుండీల కింద పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి ఊడిపోయిన జాలీ, పైన ట్యాంకు మూత పగులు. ప్రతి చోటా ఒక ముంచు, నోట్‌బుక్‌లో ఒక గీత. నాకు బాగా నచ్చింది, నీళ్లన్నిటినీ ఒకే గాటన కట్టకపోవడం. మురుగు నీళ్లు క్యూలెక్స్ అనే దోమకి ఇష్టం, బోదకాలు తెచ్చేది అందులో ఒక రకం. పళ్లేల్లో, ట్రేల్లో నిలిచే తేటనీళ్లు ఈడిస్‌కి. గరిటెలోనే తేడా చూపించాడు. క్యూలెక్స్ లార్వా తోక గొట్టం పైకి పెట్టి తల కిందులుగా వేలాడుతుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్ లార్వా నీటి పైపొరకి సమాంతరంగా పడుకుని ఉంటుంది. అది మా దగ్గర దొరకలేదు. అయినా పైన ట్యాంకు మూత వెంటనే మార్పించమన్నాడు. అనాఫిలిస్ స్టీఫెన్సీ అనే రకం బావుల్లో, ఇంటి ట్యాంకుల్లో హాయిగా గుడ్లు పెడుతుంది. ఆసియాలో ఉండే ఆ దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూటీలో బయటపడింది. మలేరియా పల్లెల జబ్బు అనుకునే చోట దాని వల్ల నగరాలకు కొత్త తలనొప్పి మొదలైంది.

వాన ఎక్కువైతే దోమలు ఎక్కువ అని నేను అంటే ఒప్పుకోలేదు. కుండపోత వాన లార్వాలని కొట్టుకుపోయేలా చేస్తుందట, వాన ఆగి నీళ్లు మడుగులైన తర్వాతే చూసుకోవాలట. అప్పుడు గుర్తొచ్చింది, 1934-35లో సిలోన్, అంటే ఇప్పటి శ్రీలంక. అక్కడ వానలు బాగా పడే వైపున నదులు ఎప్పుడూ పారుతుండటం వల్ల మలేరియా తక్కువ. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. పారే నది మడుగులు మడుగులుగా విడిపోయింది, ప్రతి మడుగులో అనాఫిలిస్. సుమారు 80 వేల మంది చనిపోయారు. కరువు నీటిని కూడా దోమ వాడుకుంటుంది. ఇంత తెలిసీ నా కుండీల పళ్లేలు చూసుకోలేదు చూడండి.

ఇక మందు. చిన్న గోధుమరంగు గుళికలు, బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసినవి. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక నీటి మడుగులో కనిపెట్టారు. లార్వా దాన్ని తింటే పేగు దెబ్బతిని చస్తుంది, చేపలకీ మనుషులకీ హాని లేదు. లిఫ్ట్ గుంటలో బాగా పనిచేసింది. ఎండ తగిలే మురుగులో మాత్రం త్వరగా పస తగ్గింది. ఇంకో సంగతి, లార్వా దాటి ప్యూపా, అంటే రెక్కల దోమ కాబోయే ముందు దశ, అయినదాని మీద ఇది పనిచేయదు, ఎందుకంటే ప్యూపా ఏమీ తినదు. ఈ మాట నేను అడిగితే తప్ప చెప్పలేదు. పళ్లేలకి మందు అక్కర్లేదని, పీచుతో రుద్ది కడగమని మాత్రం తనే చెప్పాడు. ఈడిస్ గుడ్లు అంచుకి అంటుకుని నెలల తరబడి ఎండినా చావవు, నీళ్లు తగిలాక పొదుగుతాయి. ఊరికే వంపేస్తే లాభం లేదు.

ఫలితం చెప్పాలంటే పగటి దోమలు బాగా తగ్గాయి. పిల్లలు మధ్యాహ్నం పార్కింగులో ఆడుకుని కాళ్లు గోక్కోకుండా ఇంటికి వస్తున్నారు. రాత్రి దోమలు మాత్రం దాదాపు అంతే ఉన్నాయి. ఈడిస్ పుట్టిన చోటి నుంచి మామూలుగా కొన్ని వందల మీటర్లు దాటదు, కాబట్టి మన గోడల లోపల శుభ్రం చేస్తే తేడా తెలుస్తుంది. రాత్రి కుట్టే క్యూలెక్స్ కిలోమీటర్ల దూరం ఎగరగలదు. మా పక్క ఖాళీ స్థలం రోడ్డు కంటే రెండడుగులు పల్లం. రోడ్డు మీద మళ్లీ మళ్లీ పొరలు వేసి ఎత్తు చేశారు, చుట్టుపక్కల మురుగంతా అక్కడికే చేరుతుంది. అందులో కంపెనీ వాళ్లు అడుగు పెట్టరు, మా కాంట్రాక్టు గోడ దాకానే. ఇది వాళ్ల తప్పు అనను. కానీ ప్రకటనలో "దోమలు సున్నా" అని రాసుకోవడం తప్పు.

అసలు ఫిర్యాదు వేరే ఉంది. కాంట్రాక్టు ప్రకారం పదిహేను రోజులకొకసారి వస్తారు. వేడి రోజుల్లో ఈడిస్ గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అంటే ఒక కాన్పు పూర్తిగా ఎగిరిపోయాక మనిషి వస్తాడు. వేడి పెరిగితే దోమ ఒంట్లో డెంగీ వైరస్ కూడా తొందరపడుతుంది. దోమ ఇంకొకరికి అంటించేలా తయారవడానికి 25 డిగ్రీల దగ్గర రెండు వారాలు పట్టేది 30 దగ్గర వారంలో అయిపోతుంది. దోమ బతికేదే రెండు మూడు వారాలైనప్పుడు ఆ వారం తేడా చిన్నది కాదు. ఎండాకాలానికీ చలికాలానికీ ఒకే షెడ్యూల్ పెట్టుకోవడమేమిటని ఆఫీసుకి ఫోన్ చేస్తే, "సిస్టమ్‌లో అలాగే ఉంది మేడమ్" అన్నారు. నాలుగో నెలలో కుర్రాణ్ణి మార్చారు. కొత్తాయన డిప్పర్ తీయకుండానే గుళికలు చల్లి సంతకం అడిగాడు. నేను పెట్టలేదు. మర్నాడు పాతతన్నే పంపారు. ఆ ఒకటిన్నర స్టార్లు పోయింది ఇక్కడే.

కాంట్రాక్టు పొడిగించాం, వేడి నెలల్లో వారానికొకసారి రావాలనే షరతుతో. మధ్య వారాల్లో నేనే తిరుగుతున్నాను, ఇంట్లో పాత తెల్ల గరిటె ఒకటి దానికే కేటాయించాను. లిఫ్ట్ గుంటకి పంపు పెట్టించే సంగతి ఇంకా అసోసియేషన్ మీటింగుల్లోనే నానుతోంది.