సియాటెల్ చిహూలీ గార్డెన్ అండ్ గ్లాస్: ముందు బుట్టల గది చూడండి

సియాటెల్‌లో మనవాళ్ళు ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే స్పేస్ నీడిల్ టవర్ ఎక్కించి, ఫొటోలు దిగి, నేరుగా పైక్ ప్లేస్ మార్కెట్‌కి తీసుకెళ్ళిపోతారు. నీడిల్ పక్కనే ఉన్న ఈ గాజు మ్యూజియంని వదిలేయకండి. టికెట్ తక్కువేం కాదు, రెండిటికీ కలిపి ఇచ్చే టికెట్ ఉంటుంది, అది చూసుకోండి.

అందరూ గాజు పూలు చూద్దామని లోపలికి పరిగెడతారు గానీ, నా మాట విని నార్త్‌వెస్ట్ రూమ్‌లో కాసేపు ఆగండి. ఇక్కడి గాజు కళాఖండాల సృష్టికర్త డేల్ చిహూలీ 1977లో టకోమా ఊళ్ళోని ఒక మ్యూజియంలో ఈ ప్రాంతపు ఆదివాసులు అల్లిన పాత బుట్టలు చూశారు. ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండటంతో బరువుకి వంగి, సొట్టలు పడ్డాయి. ఆయనకి ఆ సొట్టే నచ్చింది! కొలిమి వేడికి మెత్తబడిన గాజుని సరిచేసి నిలబెట్టకుండా, దాని బరువుకి దాన్నే వాలనిచ్చి పల్చటి గాజు బుట్టలు చేశారు. అల్లిన బుట్టలు, గాజు బుట్టలు రెండూ ఆ గదిలో ఉన్నాయి కాబట్టి పోల్చి చూసుకోవచ్చు. అది చూశాక మిగతా గదుల్లో ఏ అంచు ఎందుకు అలా ఒంగిందో మీకే తెలుస్తుంది.

పర్షియన్ సీలింగ్ అనే గదిలో పూరేకుల్లాంటి గాజు ముక్కలు మన తల మీద అద్దపు కప్పు పైన పరిచి ఉంటాయి, వాటిగుండా దిగే వెలుగుకి గది గోడలన్నీ రంగులే. మిల్లే ఫియోరీ గదిలో గాజు మొక్కలు తోటలా నిలబడి ఉంటాయి, చిన్నప్పుడు చిహూలీ వాళ్ళమ్మ పెంచిన తోట జ్ఞాపకమట. ఇకెబానా పూలు జపాన్ వాళ్ళు పూలు అమర్చే పద్ధతి నుంచి వచ్చాయి, పొడవాటి కాడలు, చాలా బాగున్నాయి.

ఇవన్నీ ఆయన ఒక్కరే ఊదినవి కావు. 1976లో ఇంగ్లండ్‌లో కారు ప్రమాదంలో ఎడమ కన్ను పోయింది, తర్వాత భుజానికి దెబ్బ తగిలి గాజు ఊదే గొట్టం పట్టడం మానేశారు, అప్పటి నుంచి బొమ్మ గీసి ఇస్తే టీమ్ ఊదుతుంది. ఆ బొమ్మలూ గోడల మీద ఉన్నాయి, దాటేయొద్దు.

గ్లాస్‌హౌస్ అనే అద్దాల మందిరం 40 అడుగుల ఎత్తు, లోపల ఎరుపు, నారింజ, పసుపు రంగుల్లో 100 అడుగుల పొడవున గాజు వేలాడుతుంది. ఫొటోలకి అదే బెస్ట్, మనసుకి మాత్రం నాకు పూల గదులే ఎక్కువ. బయట తోటలో నిజం మొక్కల మధ్య గాజు కాడలు పాతారు, దీపాలు వెలిగాక చూడాలంటే చలికాలం మేలు, వేసవిలో ఇక్కడ తొమ్మిదింటికి గానీ పొద్దు వాలదు. చిన్నపిల్లలుంటే చెయ్యి వదలకండి, చాలావాటికి అడ్డు అద్దాలేం లేవు.