పెప్పర్‌మింటా, స్పియర్‌మింటా: దేనికి ఏది మేలు?

చల్లగా జివ్వుమనాలంటే పెప్పర్‌మింట్, వాసన చాలనుకుంటే స్పియర్‌మింట్. రెండూ పుదీనా కుటుంబమే అయినా ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పని చెడుతుంది.

తేడా అంతా మెంథాల్ అనే, చల్లగా అనిపించేలా చేసే పదార్థంలో ఉంది. పెప్పర్‌మింట్ నూనెలో అది సుమారు 40 శాతం. స్పియర్‌మింట్ నూనెలో సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. దాని తియ్యటి వాసన కార్వోన్ అనే మరో పదార్థానిది. మెంథాల్ నోటిని నిజంగా చల్లబరచదు. చలిని పసిగట్టే నరాల్లో టీఆర్‌పీఎం8 అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలుగా అది 25 డిగ్రీల చుట్టుపక్కలకు చల్లబడితేనే స్పందిస్తుంది. మెంథాల్ తగిలితే ఒంటి వేడి దగ్గరే మేల్కొంటుంది. పెప్పర్‌మింట్ బిళ్ల చప్పరించాక మామూలు నీళ్లు కూడా ఐస్ నీళ్లలా తగిలేది అందుకే.

పచ్చి ఆకు సలాడ్‌లోకీ పానీయాల్లోకీ వేయాలంటే స్పియర్‌మింటే. పెప్పర్‌మింట్ వేస్తే మిగతా రుచులన్నీ అణిగిపోయి టూత్‌పేస్ట్ తిన్నట్టుంటుంది. చాక్లెట్ సంగతి వేరు: కొవ్వు, చక్కెర దండిగా ఉన్నచోట స్పియర్‌మింట్ తేలిపోతుంది, పెప్పర్‌మింట్ నిలబడుతుంది. టీకి ఏదైనా సరే, 200 మి.లీ. మరిగిన నీళ్లకు చెంచాడు ఎండుటాకు వేసి 5 నుంచి 7 నిమిషాలు ఉంచండి. మూత తప్పనిసరి, లేకపోతే వాసన ఆవిరితోనే పోతుంది. గుండెల్లో మంట ఉన్నవాళ్లు పెప్పర్‌మింట్ మానుకోవాలి. అది అన్నవాహిక కింది కండరాన్ని వదులు చేస్తుంది, దాంతో పులుపు పైకి ఎగదన్నుతుంది. స్పియర్‌మింట్ కూడా చిక్కగా తాగితే కొందరికి పడదు.

తలనొప్పికి కణతలకు రాయడానికి స్పియర్‌మింట్ దండగ. పెప్పర్‌మింట్ నూనె కూడా నేరుగా రాయకూడదు: చెంచాడు (5 మి.లీ.) కొబ్బరి నూనెలో ఒక చుక్క కలిపితే దాదాపు ఒక శాతం అవుతుంది, మొదటిసారికి అది చాలు. ఎక్కువై చర్మం మండితే నీళ్లతో కడగొద్దు. నూనె నీళ్లకు పోదు, పైగా చన్నీళ్లు తగిలితే జివ్వుమనడం ఇంకా పెరుగుతుంది. వంటనూనెతో తుడిచి, తర్వాత సబ్బు పెట్టండి. పసిపిల్లల ముఖం దగ్గరికి మాత్రం ఈ నూనె రానివ్వొద్దు, ఊపిరి పట్టేసే ప్రమాదం ఉంది.

మొక్క కొనేటప్పుడు ఆకు మొదలు చూడండి. పెప్పర్‌మింట్ ఆకుకు చిన్న కాడ ఉంటుంది, స్పియర్‌మింట్ ఆకు దాదాపు కొమ్మకే అతుక్కుని ఉంటుంది. పెప్పర్‌మింట్ విత్తనాలంటూ అమ్మే ప్యాకెట్లను నమ్మకండి. అది స్పియర్‌మింట్, నీటి పుదీనా కలిసి పుట్టిన సంకరం, మొలిచే విత్తనం కట్టదు. కొమ్మ ముక్క నాటుకోవాల్సిందే.