క్వాంటం లాకెట్: ఒక్క నక్షత్రం, అదీ గొలుసుకే
ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న ఈ ‘క్వాంటం శక్తి’ లాకెట్ చూడటానికి బాగానే ఉంది, గొలుసు కూడా గట్టిదే. చిక్కంతా పెట్టెలోని కరపత్రంతోనే వచ్చింది: నొప్పి తగ్గితే అది లాకెట్ మహిమట, తగ్గకపోతే శరీరం ఇంకా దానికి అలవాటు పడలేదట. ఏం జరిగినా తప్పని తేలే వీలులేని మాటను భౌతికశాస్త్రం అనలేం. అసలైన శాస్త్రం ఎలా ఉంటుందో చూడండి: సూర్యుని అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) వంగుతుందని ఐన్‌స్టీన్ ముందే లెక్కగట్టారు. న్యూటన్ సూత్రాల ప్రకారమైతే అందులో సగమే వంగాలి కనుక, 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణంలో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త ఎడింగ్టన్ బృందం తీసిన ఛాయాచిత్రాలు ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని కూల్చగలిగేవే, అయినా కొలతలు ఐన్‌స్టీన్ వైపే మొగ్గాయి. ఈ కరపత్రంలో అలా కొలిచి చూడదగ్గ అంకె ఒక్కటీ లేదు. లాకెట్‌ను వెనక్కి పంపేశాను.