విజయవాడలో 'అసలైన నేపాలీ భోజనం' బోర్డు చూసి లోపలికి వెళ్లేవారు ఒక్క నిమిషం ఆగండి

ఇంట్లో శాకాహారులు ఉన్నవారు ఇది తప్పక చదవండి. పోయిన శనివారం రాత్రి బెజవాడలో ఒక నేపాలీ హోటలుకు వెళ్లాం. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు కూడా ముట్టని మా అత్తగారికి కూరగాయల మోమోలని (లోపల కూరో మాంసమో పెట్టి ఆవిరి మీద ఉడికించే పిండి మూటలు) చెప్పి కోడిమాంసం పెట్టారు. ఆ తర్వాత బిల్లు దగ్గర జరిగింది ఇంకో కథ, అదీ చెబుతాను. హోటలు పేరు రాయడం లేదు. ఫిర్యాదు ఇచ్చాను, అది తేలకముందే పేరు బయటపెట్టడం నాకు సబబుగా అనిపించలేదు. అయినా కింద చెప్పే గుర్తులు చూసుకుంటే అలాంటి చోటు ఏదైనా మీరే పోల్చుకోగలరు.

అసలు అక్కడికి వెళ్దామన్నది అత్తగారే. 2023లో ఆవిడను నేపాల్‌లోని ముక్తినాథ్ యాత్రకు తీసుకెళ్లాం. జోమ్‌సోమ్‌లో మేం దిగిన చిన్న బసలో ఆవిడకు థకాలీ థాలీ వడ్డించారు. థకాలీలంటే కాళీ గండకి లోయలో ఉండేవాళ్లు. ఒకప్పుడు టిబెట్ ఉప్పు దిగివచ్చే దారిలో సత్రాలు నడిపి పేరు తెచ్చుకున్నవాళ్లు. మన సాలగ్రామాలు దొరికేది ఆ నదిలోనే కాబట్టి అత్తగారికి ఆ భోజనం ప్రసాదంతో సమానమైపోయింది. మినప్పప్పును ఇనుప పాత్రలో నల్లగా ఉడికించి, జింబు అనే ఎండిన ఆకుతో నేతిలో తాలింపు పెడతారు. ఆవాకు, ముల్లంగి ఆకు పులియబెట్టి ఎండబెట్టిన గుంద్రుక్ ఉంటుంది, పులుపులో మన గోంగూరకు దూరపు చుట్టం. పచ్చట్లో టిముర్ అనే మిరియంలాంటి గింజ పడితే నాలుక జివ్వుమని తిమ్మిరెక్కుతుంది. అన్నం, పప్పు, కూర ఎన్నిసార్లు అడిగినా వడ్డిస్తారు, దానికి వేరే లెక్క ఉండదు. మాంసం వండే వంటింట్లోంచే వచ్చినా, ఆ యాత్రలో ఏ ఒక్క పూటా ఆవిడ పళ్లెంలో పొరపాటు జరగలేదు.

అందుకే బోర్డు మీద థకాలీ థాలీ అన్న మాట చూడగానే ఆవిడ ముచ్చటపడ్డారు. నలుగురం వెళ్లాం. కూరగాయల మోమో ఒక ప్లేటు, చికెన్ మోమో ఒక ప్లేటు, శాకాహార థాలీలు రెండు, మా అబ్బాయికి చికెన్ తుక్పా (నూడుల్స్ సూప్) చెప్పాం. 'ఆవిడ శుద్ధ శాకాహారి' అని వెయిటరుకు రెండుసార్లు చెప్పాను. 'తెలుసు సార్, ఇక్కడ అంతా విడివిడిగానే' అన్నాడు.

థాలీ సంగతి త్వరగా ముగిస్తాను. పప్పు మన కందిపప్పే, పైన కరివేపాకు తాలింపు! గుంద్రుక్ ఏదంటే 'ఇవాళ అయిపోయింది' అన్నారు. టమాటా నువ్వుల పచ్చడి ఉండాల్సిన చోట సీసాలోంచి పిండిన ఎర్రటి చైనీస్ సాస్. రెండు వందల తొంభై రూపాయలు పెట్టి మా ఇంటి పప్పన్నమే బయట తిన్నట్టయింది. ఇంతవరకూ అయితే నేను ఇది రాసేవాణ్ని కాదు.

మోమోలు రెండు ప్లేట్లూ ఒకేసారి వచ్చాయి. రెండింటిలోనూ ఎనిమిదేసి, అన్నీ చిన్న మూటల్లా ఒకే తీరున మడిచినవి. అత్తగారు మొదటిది తిన్నారు, క్యాబేజీ, క్యారెట్. రెండోది సగం కొరికి ఆగిపోయారు. 'అమ్మాయ్, ఇది కూర కాదే' అని మా ఆవిడతో మెల్లగా అన్నారు. విప్పి చూస్తే కోడి కైమా. మిగిలినవన్నీ విప్పాం. కూరగాయల ప్లేటులోని ఎనిమిదిలో రెండు చికెన్‌వి. ప్లేట్లు తారుమారైతే పొరపాటని సర్దుకోవచ్చు. ఒకే ప్లేటులో రెండు రకాలు కలిశాయంటే లోపల విడివిడిగా ఉంచడమన్నదే లేదని అర్థం.

మేనేజరు వచ్చి 'రెండు ముక్కలే కదా సార్' అన్నాడు. నాకు కోపం తెప్పించింది ఆ 'కదా'. అత్తగారు అప్పటికే చేయి కడుక్కోవడానికి లేచి వెళ్లారు.

అసలు విషయం చెప్పింది వంటింట్లోంచి వచ్చిన నేపాలీ కుర్రాడు. చేతులు జోడించి హిందీలో క్షమించమన్నాడు. తాను చేసేటప్పుడైతే కూరగాయలవి గుండ్రంగా, మాంసంవి మన కజ్జికాయల్లా నెలవంక ఆకారంలో మడుస్తాడట, తేడా తెలియడానికి. ఇక్కడ మోమోలు ఎవరూ చేయరట. గడ్డకట్టించిన ప్యాకెట్లు బయటినుంచి వస్తాయి, రెండు రకాలూ ఒకే ఆకారం. వాటిని ఒకే ఆవిరి పాత్రలో అంతస్తులుగా పేర్చి ఉడికిస్తారు. పై అంతస్తులో మాంసం పెడితే దాని రసం కింది అంతస్తులోని కూరగాయల మోమోల మీదికి కారుతుందని వేరే చెప్పాలా? గోడ మీద మాత్రం 'చేతితో చేసిన మోమోలు' అని పెద్ద అక్షరాలు. దయచేసి ఎవరూ ఆ కుర్రాణ్ని తప్పుపట్టకండి. ఆ రాత్రి ఆ హోటల్లో నిజం మాట్లాడింది అతనొక్కడే, యజమాని మన ఊరివాడే.

ఇక బిల్లు. తిన్నవాటి ధర, రెండు నీళ్ల సీసాలతో కలిపి, 1,230 రూపాయలు. అదనంగా వడ్డించిన అన్నానికి 120, పప్పుకు 100. మెనూలో ఆ మాట ఎక్కడా లేదు, వడ్డించేటప్పుడు 'ఇంకొంచెం తీసుకోండమ్మా' అని వాళ్లే బతిమాలారు. అలా 1,450 అయింది. దాని మీద పది శాతం సర్వీసు చార్జీ 145, ఆ మొత్తం మీద మళ్లీ అయిదు శాతం జీఎస్టీ. వెరసి 1,675. కాగితం మీద హోటలు చిరునామా లేదు, జీఎస్టీ నంబరు లేదు, పైన 'ఎస్టిమేట్' అని ముద్ర. డబ్బు పంపమని చూపించిన క్యూఆర్ కోడ్ ఎవరో వ్యక్తి పేరు మీద ఉంది.

సర్వీసు చార్జీని హోటలు తనంతట తాను బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకు వెళితే ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో ఆ మార్గదర్శకాలను సమర్థించింది. ఇష్టమైతే ఇస్తాం, లేకపోతే లేదు. ఇది చెప్పగానే మేనేజరు ఆ 145 తీసేశాడు, అంటే అతనికి ముందే తెలుసన్నమాట. పన్ను విషయంలో నేను ఒకటే అడిగాను: 'నంబరున్న బిల్లు ఇవ్వండి, పన్ను సంతోషంగా కడతాను.' మన రాష్ట్రంలో నమోదైన వ్యాపారాల జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, మొత్తం పదిహేను అక్షరాలు, అంకెలు. నమోదు లేనివాడు పన్ను వసూలు చేయకూడదు. చిన్న హోటళ్లకు ఉండే, అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టుకునే కాంపోజిషన్ పద్ధతిలో నమోదైనవాడు కూడా మన దగ్గర పన్ను తీసుకోకూడదు. నంబరు అడిగిన మరుక్షణం పన్ను దానంతట అదే మాయమైంది. కూరగాయల మోమోల 160 కూడా తీసేసి 1,290కి దించాడు. అన్నం, పప్పుల 220 మాత్రం వదలనంటే వదలనన్నాడు. అత్తగారు 'ఇచ్చేసి రండి బాబూ, ఇక్కడ ఇంకొక్క క్షణం ఉండలేను' అనడంతో ఇచ్చేసి వచ్చాను. ఆ ముద్ర కాగితం మాత్రం జేబులో పెట్టుకున్నాను. మీరూ బిల్లు వదలకండి, ఫిర్యాదుకు అదే ఆధారం.

మీరు వెళ్తే లోపల కూర్చోకముందే గోడ మీద ఆహార భద్రత లైసెన్సు కోసం చూడండి. పద్నాలుగు అంకెల నంబరు ఉంటుంది, 2022 జనవరి నుంచి బిల్లు మీద కూడా వేయాలి. ఇక్కడ రెండు చోట్లా లేదు, చూడకుండా కూర్చోవడం నా తప్పే. మోమోలు అక్కడే మడుస్తారా, ఆవిరి పాత్రలు వేరువేరా అని అడగండి. జవాబుకు తడుముకుంటే శాకాహారులు ఆ జోలికి వెళ్లకండి. మోమోతో తెల్లటి మయొనైజ్ ఇస్తే అది పచ్చిగుడ్డుతో చేసిందేమో కనుక్కోండి. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో అలాంటి దాన్ని ఏడాదిపాటు నిషేధించింది ఊరికే కాదు. ఇంకో మాట, నేపాల్ యాత్రకు వెళ్లేవారికి: అక్కడ మోమోల్లో ఎక్కువగా వాడేది గేదె మాంసం, మెనూలో బఫ్ అని రాస్తారు. తినని వారు ముందే చెప్పండి.

ఆదివారం పొద్దున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మోమోల ఫోటోలు, బిల్లు జతచేసి ఆహార భద్రత విభాగానికీ పంపాను. అత్తగారు ఆ రాత్రే తలస్నానం చేసి, సాలగ్రామం ముందు కూర్చుని చాలాసేపు లేవలేదు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు కూడా, తీసుకెళ్లింది నేనే కాబట్టి.

నిన్న ఆ మేనేజరు ఫోన్ చేశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే మా కుటుంబానికి ఒక పూట భోజనం ఉచితమట. 'ఈసారి అమ్మగారికి కూరగాయల మోమోలే పెడతాం సార్, పూచీ నాది' అన్నాడు. ఫిర్యాదు అలాగే ఉంచాను.