బొద్దింక మోడల్: రంగు బాగుంది, కాళ్లే తప్పు

మా అమ్మాయి ఇంటర్ బైపీసీ. బొద్దింక పాఠం బుర్రకెక్కడం లేదంటే ఆన్‌లైన్‌లో ఈ ప్లాస్టిక్ మోడల్ తెప్పించాను, 650 రూపాయలు. జానెడు పొడవుంది. తల, వక్షం, ఉదరం మూడు ముక్కలుగా ఊడొస్తాయి. ఉదరంలో 10 ఖండితాలూ (అడ్డంగా విడివిడిగా కనిపించే భాగాలు) వేలు పెట్టి లెక్కపెట్టుకోవచ్చు, పక్కల శ్వాసరంధ్రాలకు చిన్న చుక్కలు కూడా పెట్టారు. అక్కడి దాకా శభాష్.

కానీ వెనక కాళ్ల జతను తీసుకెళ్లి ఉదరానికి అతికించారు! ఆరు కాళ్లూ వక్షానికే కదా ఉండాలి, దాని మూడు ఖండితాలకూ ఒక్కో జత చొప్పున. ముందు రెక్కలు రెండో ఖండితం నుంచి, వెనక రెక్కలు మూడో దాన్నుంచి వస్తాయి. ఇందులో రెండు జతలనూ ఒకే బెజ్జంలో దూర్చేశారు. ముందు కనిపెట్టింది అమ్మాయే. "అమ్మా, ఇది చూసి బొమ్మ గీస్తే సున్నా మార్కులే" అంది. చివరికి సింకు కింద చచ్చిపడున్న అసలుదాన్ని కాగితం మీదికి ఎత్తి, భూతద్దం పెట్టి సరిచూసుకున్నాం. ఛీ అనిపించినా అదే ఎక్కువ పనికొచ్చింది.

మీసం ఒకటి పెట్టె తెరవగానే విరిగింది, ఫెవిక్విక్‌తో అతికించా. వాపసు అడిగితే "పాడైన వస్తువు కాదు" అన్నారు. రెండు స్టార్లు ఇస్తున్నా, అవీ తల కోసమే: కళ్లు, దవడలు విడివిడిగా చక్కగా చేశారు.