రక్తం పోతున్న క్షతగాత్రుడికి ఏ పరీక్ష మేలు: హిమోగ్లోబినా, లాక్టేటా, బేస్ డెఫిసిటా?

ఘాట్ రోడ్డులో బైక్ పల్టీ కొట్టి రాయగడకో, పర్లాకిమిడికో, జయపురానికో తెచ్చిన మనిషికి ముందు పంపే పరీక్ష హిమోగ్లోబిన్. 11 వచ్చిందంటే అందరికీ ధైర్యం. అక్కడే మోసపోతాం. రక్తం కారేటప్పుడు ఎర్రకణాలూ ప్లాస్మా కలిసే పోతాయి కాబట్టి మిగిలిన రక్తం పలచబడదు. ఒంట్లోని నీరు నాళాల్లోకి చేరాకో, సెలైన్ ఎక్కించాకో గానీ అంకె దిగదు. లోపల లీటరుకు పైగా పోయినా మొదటి గంటలో మామూలుగానే కనబడవచ్చు.

ఒడిశా సరిహద్దులో ఇంకో చిక్కు. సికిల్ సెల్ వల్లో, రక్తహీనత వల్లో దెబ్బ తగలకముందే 8, 9 ఉన్నవాళ్లు ఇక్కడ ఎందరో. 9 వస్తే అది పాతదో, ఇప్పుడు పడిందో చెప్పలేం. రక్తం ఎక్కించాక లెక్క చూసుకోవడానికి హిమోగ్లోబిన్ కావాలి. షాక్‌ను, అంటే ఒంటికి చాలినంత రక్తం అందని స్థితిని, పట్టడానికి దాని ఒక్కదాన్నీ నమ్మకూడదు.

ఆక్సిజన్ చాలనప్పుడు కణాల్లో తయారై రక్తంలో పేరుకునేది లాక్టేట్. అది అడిగే ప్రశ్నే వేరు: కణాలకు ఆక్సిజన్ అందుతోందా? కుర్రవాళ్లలో బీపీ 110 దగ్గర నిలబడే ఉన్నా ఇది ముందే పెరగవచ్చు. లీటరుకు 2 మిల్లీమోల్ లోపు మామూలు, 4 దాటితే ప్రమాదం. కొన్ని ల్యాబులు డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తాయి; 9తో భాగించాలి. చేతిమీటరు ఉంటే నిమిషంలో తెలుస్తుంది. షాక్‌లో వేళ్లు చల్లబడి ఉంటాయి కనుక వేలి చుక్క కంటే సిర రక్తం స్ట్రిప్ మీద వేయడం మేలు. రక్తం తీయడానికి చేతికి కట్టే పట్టీని ఎక్కువసేపు బిగించి ఉంచినా, రింగర్ లాక్టేట్ సెలైన్ ఎక్కుతున్న చేతినుంచే తీసినా తప్పు అంకె వస్తుంది. ల్యాబుకు పంపేదైతే బూడిదరంగు మూత ట్యూబు, ఐసు, వెంటనే. మామూలు ట్యూబులో ఉంచేస్తే ఎర్రకణాలు లోపలే లాక్టేట్ తయారుచేస్తూ పోతాయి. సారా తాగినా, ఫిట్స్ వచ్చినా, మెట్‌ఫార్మిన్ వాడుతున్నా పెరగవచ్చు.

బేస్ డెఫిసిట్ అంటే ఆమ్లం పెరిగి రక్తంలో క్షారం ఎంత తగ్గిందో చెప్పే అంకె. ఇది తీవ్రతను బాగా విడదీస్తుంది: 2 లోపు తేలిక, 6 దాటితే తీవ్రం, 10 దాటితే ప్రాణాపాయం. కానీ రక్తంలోని వాయువులనూ ఆమ్లాన్నీ కొలిచే గ్యాస్ మెషిన్ కావాలి, దానికి కార్ట్రిడ్జ్‌లు, నిలకడైన కరెంటు కావాలి. నార్మల్ సెలైన్ సీసాలు ఎక్కువగా ఎక్కించినా ఆమ్లం పెరిగి అంకె చెడుతుంది.

మెషిన్ పక్కనే ఉంటే లాక్టేట్, బేస్ డెఫిసిట్ రెండూ చూడండి. లేని చోట నా ఓటు లాక్టేట్‌కే, అదీ రెండుసార్లు: రాగానే ఒకటి, గంటా రెండు గంటల్లో ఇంకొకటి. 5 నుంచి 3కి దిగడం వేరు, 3 నుంచి 5కి ఎక్కడం వేరు. బరంపురానికో విశాఖకో రిఫర్ చేసే చీటీ మీద అంకె, యూనిట్, తీసిన టైము మూడూ రాయాలి. అవి లేకపోతే అవతలి డాక్టరు మళ్లీ మొదటినుంచీ మొదలుపెట్టాలి.

నాడి వేగాన్ని పై బీపీతో భాగిస్తే 1 దాటిందా, ఏ రిపోర్టు కోసమూ ఆగొద్దు. రక్తస్రావం తగ్గించే మందు ట్రానెక్సామిక్ ఆమ్లం 1 గ్రాము 10 నిమిషాల్లో, దెబ్బ తగిలిన 3 గంటల లోపు పడాలి. రాయగడ నుంచి విశాఖ దారిలోనే ఆ 3 గంటలు గడిచిపోతాయి. అంబులెన్స్ కదలకముందే ఇచ్చేయండి.